పదహారు మరమేకులు

కిటికీ అవతల థర్మామీటరు
సున్నాకి ఇరవై మెట్లు కింద కూర్చుంది.
డులూత్‌లో జనవరి. ఐదున్నర.
తెల్లవారుజాము అంటే నవ్వొస్తుంది,
తెల్లవారడానికి ఇంకా రెండు గంటల పైనే ఉంది.

రామగుండంలో పుట్టిన ఒళ్ళు నాది,
బొగ్గు దుమ్ములో, నలభై ఏడు డిగ్రీల ఎండలో
నీడ కోసం గోడ వెంబడి నడిచిన ఒళ్ళు.
చలిలోకి రమ్మని దాన్ని ఒప్పించడం
అప్పు అడగడం లాంటిది.
మొహం తిప్పుకుంటుంది.

చలిపులి అంటారు మనవాళ్ళు.
ఇక్కడి చలి పులి కాదు, ఆడిట్‌కి వచ్చిన గుమాస్తా.
గర్జించడు. కళ్ళజోడు సర్దుకుని
కాలరు చూస్తాడు, మణికట్టు చూస్తాడు,
సాక్సుకీ ప్యాంటుకీ మధ్య వదిలేసిన
అంగుళం లెక్క పట్టుకుంటాడు.

అందుకే పూతరేకు చుట్టినట్టు నన్ను నేను చుట్టుకుంటాను.
ఒంటిని అంటుకుని పల్చటి ఉన్ని.
నూలు మాత్రం వద్దు, నూలు చెమటని తాగి
మంచు చేసి నీకే తిరిగి పోస్తుంది.
దాని మీద ఫ్లీసు, ఆ పైన గాలిని ఆపే జాకెట్టు.
చేతులకి వేళ్ళ గ్లోవ్స్ కాదు, సంచుల్లాంటివి:
నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉంటేనే వెచ్చన,
బొటనవేలిది వేరు కాపురం, దాని ఖర్మ.
బుగ్గలకి వాజలీన్. నుదుటికి దీపం.
గుమ్మం దిగేటప్పుడు కాస్త వణకాలి,
హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే
అని చెప్పింది ఐనో.

ఎదురు వరస చివరింటి ఐనో లాహ్తి,
ఎనభై ఒకటి, హాకీ స్కేట్లకి సాన పట్టి బతికినవాడు.
మొదటి చలికాలం నేను గాజులాంటి మంచు మీద
వెల్లకిలా పడడం వరండాలోంచి చూశాడు.
పరామర్శించలేదు.
"నీ పాత బూట్లు తీసుకురా" అన్నాడు.
ఒక్కో అడుగుకి ఎనిమిది చొప్పున
పదహారు మరమేకులు బిగించి ఇచ్చాడు,
పొట్టివి, ఆరు పలకల తలలవి.
డాలరున్నర అని చీటీ రాశాడు.
డాలరున్నరా తీసుకున్నాడు కూడా.

అప్పటినుంచి నేను పరిగెడితే వీధికి వినిపిస్తుంది,
ఎవరో వేయించిన శనగలు నములుతున్నట్టు
కరకర.

ప్రేరణ అంటారే, అది నా దగ్గర లేదు.
పతకాలూ లేవు, తగ్గాల్సిన కిలోలు తగ్గనూ లేదు.
ఉన్నదల్లా,
ఐదూ నలభైకి ఆయన వరండా దీపం వెలుగుతుంది.
నేను కరకరమంటూ దాటాక ఆరుతుంది.
తుంటి విరిగాక ఆయన గడప దిగలేదు.
చెయ్యి ఊపడు. కిటికీలో నీడ కూడా కదలదు.
ఈ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

మొన్న మంగళవారం లేవలేదు.
ఒంట్లో బాగానే ఉంది. సాకు కూడా వెతుక్కోలేదు,
రెండు రజాయిల కింద కుక్కిన పేనులా పడుకున్నాను.
మధ్యాహ్నం పన్నెండున్నరకి
చెత్తడబ్బా లాగుతూ అటు చూశాను.
మంచు మీద ఎండ కళ్ళు చెదిరేలా కొడుతోంటే
అంత వెలుతురులో, ఎవరికీ అక్కర్లేని పసుపు చుక్క.
దీపం ఇంకా వెలుగుతోంది.

లోపలికి వచ్చాను. మొదటి పొర. రెండో పొర.
పట్టపగలు నుదుటి దీపం కూడా కట్టుకున్నాను, ఎందుకో.
ఆయన ఇంటి ముందు కావాలనే
కాస్త గట్టిగా అడుగులేశాను.
నాలుగిళ్ళు దాటి వెనక్కి చూస్తే
ఆరిపోయి ఉంది.

అక్కణ్ణించే తిరిగి రావచ్చు. పని అయిపోయింది.
సరస్సు వైపు దిగాను.
మూత పెట్టని ఎసరులా ఆవిరి కక్కుతోంది నీళ్ళు.
ఊపిరి రెప్పల మీద గడ్డకట్టి
కళ్ళు మూస్తే తెరవడానికి బతిమాలాల్సి వస్తోంది.
మొదటి మైలంతా తిట్లు, తెలుగులోనే,
ఆ చలిలో నోరు ఇంకో భాషకి తిరగదు.
రెండో మైల్లో ఎక్కడో
తిట్టడం మర్చిపోయాను.

ఇంటికొచ్చి బూట్లు తిరగేసి లెక్కపెట్టాను.
పదిహేనే ఉన్నాయి.
పది సెంట్ల నాణెం ఒకటి తీసి
గుమ్మం పక్కన పెట్టుకున్నాను.