నీలం తిరిగినంత మాత్రాన

తోమ్స్క్ దాటాక నలభై కిలోమీటర్లు.
మే నెలే, గోతుల్లో ఇంకా పాతమంచు.
ఇన్నొకెంతీ తాత గునపం దించితే
నేల ఒక్క జానెడు మాత్రం ఒప్పుకుంది.

జీమొలస్త్ పొద, ఒక్కటే, నాటి నాలుగేళ్లు.
గడ్డకట్టే చలికాలాలన్నీ మింగి
సున్నాకి ఏడు మెట్లు కింద కూడా పూసింది.
కాయ లేదు.
బెరడు పేలికలై ఊడుతుంటే
తెగులనుకుని గుడ్డ చుట్టబోయాడు.

"దాని తీరే అంత, నీ కోటు లాగే"
అంది కంచె ఇవతల మా అమ్మమ్మ కపితలీనా.

ఆరేళ్లుగా వాళ్లకి మాటల్లేవు.
మూరెడు నేల, ఒక నీటి గొట్టం.
అయినా నోరు జారాక ఆగలేకపోయింది:
"ఒంటిది కాయదు. వేరే రకం తోడుండాలి."

సెప్టెంబరులో తనే నాటింది, కంచెను ఆనించి, మా వైపు.
తాత కొలత టేపుతో వచ్చాడు.
చూశాడు.
టేపు జేబులో వేసుకున్నాడు.

బొచ్చు తుమ్మెదకి సర్వే నంబర్లు తెలీవు.

మూడో జూన్‌లో, స్ట్రాబెర్రీల కన్నా ముందు,
బూడిద పూసుకున్న పొడుగు నీలం కాయలు.
నేను బకెట్టు పట్టుకు పరిగెత్తాను.
"ఆగు. నీలం తిరిగినంత మాత్రాన పండు కాదు,
లోపలింకా పచ్చే. రెండు వారాలు."

పిట్టలు ఆగవుగా.
పోయిన భార్య కుట్టిన జాలీ పరదా
పెట్టెలోంచి తీసి తెచ్చాడు తాత.
రెండు పొదల మీదా ఒకటే పరిచాడు,
కంచె దాని కిందెక్కడో ఉండిపోయింది.

పదో రోజున దొంగతనంగా ఒకటి నోట్లో వేసుకుని
"పులుపు" అన్నాడు.
"చెప్పానుగా" అంది అమ్మమ్మ,
ఊదారంగు నాలుకతో.