పదేడో నంబరు ఆవు

డోన్ రోడ్డు పక్కన నాపరాళ్ల షెడ్డు.
చెప్పులిడిసి, నీలం తొడుగులేసుకుంటేనే లోపలికి.
చెవికి పసుప్పచ్చ బిళ్ల: పదేడు.
దీని నెత్తుట్లో రోగాన్ని కొట్టే కావిలోళ్లు ఉండారంట,
అంతా మనిషి సొత్తేనంట.
డాక్టరమ్మ చెప్పింది.

"యే మనిషిదమ్మా? యే కులమోడిది?"
నవ్వింది.
సూది గుచ్చి, సంచి నిండేదాకా
గడియారం చూస్తా ఉండింది.

మా మద్దిలేటికి డెంగీ వచ్చినప్పుడు
నెత్తురియ్యడానికి ఊర్లో ఒక్కడూ రాల్యా.
ఇది ఇస్తాది.
కట్టేసినాం గదా, ఇస్తాది.

ఐసుపెట్టె కర్నూలుకు పోయినాక
జొన్నసొప్ప ఏస్తాను.
మెడ మీద దూదిముక్క ఇంకా తడిగానే ఉంటాది.
గరుకు నాలికతో నా చెయ్యి నాకుతాది,
ఉప్పు కోసమే,
నాకు తెల్సు.
అయినా
సరిగ్గా నాడి కొట్టుకునే చోటే
ఎందుకు ఆగుతాదో.