తోడు

రెండుసార్లు టక్కుమన్నది.
నీలం డబ్బా, ఆరువేల ఐదొందలు,
మీద పట్నం కంపెనీ బొమ్మ.
ఇప్పి చూద్దామంటే లోపలంత నల్ల లక్క పోసిండ్రు.
గౌస్ మియా చెవి పెట్టి మల్లొకసారి ఇన్నడు:
"మనదే సారూ. మన తప్పు గూడ అట్లనే ఉన్నది."

ఈ అచ్చంపేటలనే, బస్టాండు ఎనక వైండింగు షాపుల,
కాలిన రాగితీగె వాసనల కూసోని రాసినం:
మూడు ఫేజులు సక్కగొస్తెనే మోటరు లేవాలె,
బోరు గుక్కపట్టంగనే ఆగాలె.
తండాల కేతావత్ రుక్కి తన బోరునే పరీక్షకిచ్చింది.
రెండు మోటర్లు కాల్చినం ఆమెయి, ఒక్క మాటనలె.
రాసిందానికి తాళమెయ్యలె.
ఎవరన్న తీస్కోండ్రి, దిద్దుకోండ్రి, అమ్ముకోండ్రి
అని మీదనే రాసిడిసినం.
అమ్ముకోండ్రి అని రాసింది నేనే.

కంపెనీ పిలగాడొచ్చిండు, బూట్లు బయటిడిసి.
కాయిల్ కాలకముందే పసిగట్టే ఇగురం వాళ్లది,
అది చూపియ్యరంట.
కని మనం కొత్తది రాసినప్పుడల్ల వాళ్లది తెగిపోతున్నదంట.
"గోడల ఒక దర్వాజ ఇడిసిపెట్టుండ్రి సార్" అన్నడు.
చాయ్ పైసలు తనే ఇచ్చిండు.

రుక్కి ఒప్పుకోలె.
"నా మోటర్లు కాల్చి నేర్సుకున్నరు.
కాలకుండ చేసేది నాకే చూపియ్యరా?"
దానికి నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి మా అమ్మ యాదికొచ్చింది.
హోటల్ నడిపే శంకరయ్యకు గూడ తోడిచ్చేది ఆమె.
పెరుగు అమ్ముకునేటోనికి ఎందుకే అంటే
"ఇస్తె ఏం తరుగుతది, తెల్లారి మల్ల పేరుకోదా" అనేది.
గిన్నె మాత్రం కడిగి తెమ్మనేది.
తేకుంటే హోటల్ ముందట నిలబడి,
గిరాకీ అందరు ఇనేటట్టు అడిగేది.

దర్వాజ పెట్టిన.
మీ లక్క మీదే, ఎన్న మీదే,
మా గోడల పగులు కనబడితే మాత్రం
పూడ్సింది మాకియ్యాలె అన్న.
సంతకం లేదు, మాటే.

నాలుగు నెల్లకు మూడు వరుసలొచ్చినయ్ వాళ్ల తాననుంచి,
రెండోసారి టక్కుమనేదానికి మందు.
రుక్కి బోరు కాడ ఏసి చూసినం.
ఒక్కటే టక్కు. నీళ్లు దుంకినయ్ పల్లి చేన్లకు.
మియా నవ్వలె. చెవి ఇంకా డబ్బకే ఆనిచ్చి
"మంచిగనే చేసిండ్రు సారూ.
ఇగ వాళ్లదాంట్ల మనది యాడున్నదో ఎట్ల గుర్తువడ్తం?"
రుక్కి అప్పటికే పార వట్టుకొని మడవ తిప్పవోయింది.