నలభై ఎనిమిది వేలు

బోనస్ బకాయి మూడు విడతల్ల వచ్చింది.
విడతకోసారి లెక్క మారింది.

దుర్గం ఓదేలు బాయిలర్ కాడ పనిచేసెటోడు.
వాని లెక్క వానిది:
"ఒత్తిడి లేంది ఆవిరెక్కడిదిరా?
ముప్పై యాంప్లిఫయర్‌కే పెట్టు.
డబ్బాలదేముంది, ఏవైనా అరుస్తయి."

చంద్రపూర్‌ల మెట్ల కింది దుకాణం వాసేకర్ భావుది.
చల్లారిన సోల్డరింగ్ కడ్డీతోటి వీపు గోక్కుంట
"ఉల్టా" అన్నడు.
"యాంప్లిఫయర్ దమ్ము ఇస్తది అంతే. పాడేది డబ్బా.
రూపాయిల పదణాలు డబ్బాలకు పోవాలె."

"మరి అంత మంచి డబ్బాకు దమ్ము సాలకపోతే?"

"అప్పుడు గుండీ మొత్తం తిప్పుతవు.
యాంప్లిఫయర్ గొంతు పగుల్తది.
కాలేది మాత్రం డబ్బానే,
అండ్లగూడ ముందుగాల సన్నగ పాడేది."

మా బల్లార్‌పూర్ క్వార్టర్ల లైన్ల
ఈ సంగతి ఎవరికి కొత్త?

జాలిబట్ట ఊడబెరికి చూపించిండు.
లోపల నల్లటి గిన్నె. వేలు పెట్టిన.
కాగితం!
ఇరవై ఆరేండ్లు మూడో నంబర్ మెషిన్ మీద
తడి ఆరకముందే తావు బరువు
అరచేతిల చెప్పినోణ్ణి.
"వెదురు పల్ప్. పొడుగు పోగు" అన్న.
"ఇది మలేషియా నించి వస్తది భావు" అని నవ్విండు.
వస్తే రానీ.
మా యార్డుల లారీలు గుమ్మరించే వెదురు గూడ
ఏ అడివి నించో అడిగి దించుకుంటమా?

అటెన్క ఒక కూత పెట్టిండు,
గోడ మీద గీత లెక్క మీదికి, ఇంకా మీదికి పోయే కూత.
నాకు సగం దారిలనే తెగింది.
రాధవ్వ మాత్రం ఇంకా ఇంటనే ఉంది,
తల జరంత పక్కకు వంచి,
పాలు పొంగే ముందటి చప్పుడు పట్టుకున్నట్టు.

వాసేకర్ నా మొకం దిక్కు చూడలేదు.
"గీ మీది బుడిపె పట్టుబట్టది.
దీనికే తొమ్మిది వేలు పడ్తది.
ఇది లేని డబ్బాలు తీసుకుంటే
కొత్త యాంప్లిఫయరే వస్తది" అన్నడు మెల్లగ.

న్యాయమైన మాట.
మెషిన్ హాల్ తినేసిన చెవులకు పట్టెందుకు?

వార్ధా నది వంతెన మీద, ఆటోల, గాలికి
ఆమె చేతి సంచిల తునికాకు వాసన.
పందొమ్మిదేండ్లాయె ఆ ఆకు కత్తిరించుడు.
పందొమ్మిదేండ్లాయె అర మీది రేడియోను
నా కోసమని నేను మోత మోగిస్తే
ఒక్కనాడు "తగ్గించు" అనకపాయె.
"ఆటో మళ్ళగొట్టు" అన్న.

డబ్బాలకు ముప్పై నాలుగు, పట్టు బుడిపెతో సహా.
యాంప్లిఫయర్‌కు పదకొండు, రాజురా డాక్టర్ ఎవరో అమ్ముకున్నది,
ఎడమ దిక్కు గుండీ గరగరమంటది.
మిగిలిన మూడుల వైర్లు, ఆటో,
ఓదేలు నోరు మూయనీకి నాటుకోడి.

వాడు బొక్కలు చీకుకుంటనే
"దమ్ము తక్కువుంది" అన్నడు.
తక్కువే. అననీ.

రాత్రి పిల్లనగ్రోవి పెట్టినం.
ఊదేది వెదురే, ఊగేది వెదురే.
డబ్బా మీద అరచెయ్యి ఆనించి
కింది సొరాలు ఎముకలతోటి ఇన్న.
రాధవ్వ కత్తెర ఆగింది.
"పాట నడుమ ఆయన ఊపిరి పీల్చుకుంటుండు" అన్నది.
"ఏది?"
"ఇగో, ఇప్పుడే."
"ఏది?"

లేచి వచ్చి నా మణికట్టు మీద మూతి ఆనించి
ఎట్ల పీల్చిండో పీల్చి చూపించింది.

సైరన్ మోగింది, నైట్ షిఫ్టుది.
దానికి యాంప్లిఫయర్ అక్కర్లేదు.
అది ఆగినంక
గుండీ తగ్గిస్తూ ఆమె ఇంకేదో అన్నది,
ఆ పట్టు బుడిపె అంత సన్నగ.

ఊ అన్న.