ఊదా స్వెట్టరు

నరసాపురంలో స్వెట్టరెవరికి?
ధనుర్మాసంలో కూడా తెల్లారి ఎనిమిదయ్యేసరికి
వీపుకి చొక్కా అంటుకునే ఊరు.
అయినా లూదియ పిన్ని ట్రంకుపెట్టె అడుగున
మిషను బంగళా ఖాళీ చేసినప్పుడు ఏరుకొచ్చిన పుస్తకం,
మగవాళ్ళ స్వెట్టర్ల నమూనాలు, పదహారు.
అట్ట మీద ఒక దొర
కంచెకి ఆనుకుని, నోట్లో పైపు, పక్కన కుక్క.
"ఈయనకి పనేం లేనట్టుందే" అంది పిన్ని.

లేసుకి సూది ఒక్కటే, కొనకి చిన్న కొక్కెం.
దీనికి రెండు కావాలి.
విరిగిన గొడుగులోంచి రెండు ఊచలు పీకి
అరుగు రాయి మీద నున్నగా నూరింది.
ఉన్ని?
పాలకొల్లులో నేపాలీవాళ్ళ కొట్టు ఎత్తేసే రోజు
వెలిసిపోయిన శాలువా ఒకటి, మంకీ క్యాపులు రెండు.
అన్నీ విప్పి, అన్నం గంజి ఆవిరికి సాగదీసి,
నా మోకాళ్ళకి చుట్టి ఉండలు చేసింది.
మూడు పోగులూ కలిస్తే ఊదారంగు తేలింది.
"బైబిల్లో నా పేరావిడ అమ్మిందీ ఈ రంగేనే!"

నేనప్పుడు ఏడో తరగతి. ఇంగ్లీషు చదివే కూలీని.
కె రెండు, పి రెండు, వరస చివరిదాకా.
అదేం భాషో టీచరుకీ తెలీలేదు.
పిన్ని బొమ్మని దీపం దగ్గర పెట్టుకుని రెండు రాత్రులు చూసి
"కె అంటే కిందనించి, పి అంటే పైనించి, అంతే కదా" అంది.
ఛాతీ నలభై అంగుళాలు, అన్నాను.
ఏలీయా బాబాయికి ముప్పైమూడు, అదీ ఊపిరి బిగబడితే.
మిగిలిన ఏడూ దొరకే వదిలేసింది.

ప్రతి గురువారం లేసు ఏజెంటు తక్కెడ తెచ్చేవాడు.
ఇచ్చిన దారమెంత, తెచ్చిన లేసెంత,
పిసరు తగ్గితే కూలి కోత.
ముప్పై ఏళ్ళు ఆవిడ అల్లిన బల్లగుడ్డలు ఓడలెక్కి పోయాయి,
ఎవరి బల్ల మీద పడ్డాయో,
వాటి మీద ఏ పులుసు ఒలికిందో.
స్వెట్టరుని మాత్రం ఎవరూ తూచలేదు.

బాబాయిది రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ, రాత్రి డ్యూటీ.
బయట మే నెల, కుక్కలు కాలవలో పడుకునేవి.
లోపల ఆయన
ఇనప కొక్కెంతో మనిషెత్తు దిమ్మలు లాగుతూ,
అమ్మోనియాకి కళ్ళు తుడుచుకుంటూ,
గోదావరి జిల్లా మొత్తానికి చలేసే మనిషి ఒక్కడే.
లుంగీ మీద స్వెట్టరుతో వెళ్ళిన మొదటి రాత్రి
రొయ్యల లారీవాళ్ళు "దొరగారొచ్చారండోయ్" అని లేచి నిలబడ్డారట.
తెల్లారొచ్చి ఆ మాటే నాలుగుసార్లు చెప్పాడు.

ఎడం చెయ్యి పేజీ చెదలు తినేశాయి.
ఆ చెయ్యి జానెడు పొడుగొచ్చింది.
ఆయన మడిచేవాడు కాదు,
దిమ్మ పట్టే చెయ్యి అదే,
వేళ్ళ దాకా లాక్కునేవాడు.

ఫ్యాక్టరీ పోయింది, స్వెట్టరు ఎటుపోయిందో తెలీదు.
పుస్తకం నా దగ్గరుంది.
మొన్న విప్పితే, అంచుల్లో పెన్సిలు గీతలు,
సండే స్కూలు గుండ్రటి అక్షరాలు:
"మెడ కాడ నాలుగు కుట్లు వదులు. దగ్గుతాడు."
రెండు పేజీల తర్వాత,
"ఎడం చెయ్యి జానెడు ఎక్కువ."

ఇన్నేళ్ళూ నేను
చెదల్ని తిట్టుకుంటూ ఉన్నాను.