ఒకటో తారీఖు హాజరు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక
రేకుల షెడ్డు కింద
తేజా కాయకు ముచ్చికలు తీసే ఆడాళ్ళు
నిన్న నలభై ఇద్దరు.
ఇవాళ ఒకటో తారీఖు.
హాజరు పుస్తకంలో పదకొండు గీతలు గీసి
పెన్ను చెవి మీద పెట్టుకున్నాను.

"చూశావా" అన్నాడు షావుకారు
ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని.
"గుమ్మంలోకి తెచ్చి దోసిట్లో పోస్తుంటే
ఈ ఘాటులో నడుం వంచేదెవరు?
ఊరికి ఊరే సోమరైపోతోందయ్యా."
తలూపాను.
తలూపడం కూడా నా జీతంలో భాగమే.

పదిన్నరకి వచ్చింది నాగూర్‌బీ.
రావడమే బొటనవేలు చూపించింది.
"మిషను నా వేలు ఒప్పుకోలేదు బాబూ.
నాలుగుసార్లు నొక్కించాడు ఆ పిల్లోడు.
కాయ కారానికి గీతలన్నీ అరిగిపోయాయంట.
చివరికి కన్ను చూపించి తీసుకున్నా."

ఇరవై ఏళ్ళ పని తినేసిన వేలు అది.
పని ఎగ్గొట్టిందని
దాని మీదే నింద.

కొంగు మూతికి చుట్టుకుని కూర్చుంది.
మధ్యాహ్నానికి షెడ్డులో ముప్పై ఎనిమిది మంది.
షావుకారు అప్పటికి భోజనానికి వెళ్ళిపోయాడు.

మొన్న మాఘంలో సంగతి చెప్పాలి.
రేటు పడిందని, కిలోకి రూపాయి కోస్తామని
మేస్త్రీ చెప్పిన రోజు
చాట బోర్లించి లేచి నిలబడింది నాగూర్‌బీ.
"రేపట్నించి రాను."

మొగుడు పోయి ఇద్దత్ రోజులు తీరకుండానే
తలొంచుకుని వచ్చిన మనిషి.
జ్వరంతో వచ్చింది, దగ్గుతో వచ్చింది,
కూతురి పురుడైన మర్నాడు వచ్చింది.
ఆమె నోట 'రాను' అనే మాట
అంతకుముందు నేను వినలేదు.
రెండే అక్షరాలు.
వాటిని కొనుక్కోడానికి నెలనెలా ఇంత అని
ఎవరో ఆమెకి కడుతున్నారు.
షావుకారుకి అది మొదటే తెలిసింది.
నాకే ఆలస్యంగా అర్థమైంది.

నాలుగు రోజులు టిక్కీలు కట్టలు విప్పకుండా పడున్నాయి.
ఐదోరోజు రూపాయి తిరిగొచ్చింది,
వెంట ఇంకో అర్ధరూపాయిని తీసుకుని.

అలాగని అందరూ నాగూర్‌బీలు కారు.
మా వీధిలో ప్రసంగి ఉన్నాడు,
వాళ్ళమ్మ పింఛను రోజే వాడి పండగ.
ఇటు కేతూరా ఉంది.
కారం మిల్లులో నెల జీతానికి పిలిస్తే
పేరు రికార్డుకెక్కితే బియ్యం కార్డు ఊడుతుందని
ఈ షెడ్డులోనే రోజుకూలీగా ఉండిపోయింది.
ఒక్క మెట్టు ఎక్కితే
కింద నిచ్చెన లాగేస్తారని భయం.
దాన్ని సోమరితనం అనాలా, లెక్క అనాలా?
లెక్కలు రాసేవాణ్ణే, నాకు తెలీదు.

ఇంకో మాట. ఇది షావుకారుతో అనలేదు.
ఎండాకాలం యార్డుకి సెలవులిచ్చిన నెలంతా
మా అమ్మ పింఛనే తిన్నాను.
సిమెంటు కొట్లో పద్దులు రాయమని కబురొస్తే
ఒంట్లో బాగాలేదన్నాను.
నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని
ఫ్యాను తిరగడం చూశాను.
అమ్మ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
సగం బియ్యం డబ్బాలో దాచేది.
ఏమీ అనేది కాదు.
ఆ అనకపోవడమే
నన్ను మళ్ళీ కాటా దగ్గరికి నడిపించిందేమో,
లేకపోతే అలవాటో.
ఒక్కటి మాత్రం తెలుసు:
హాజరు రాసేవాడి పేరు
హాజరు పుస్తకంలో ఉండదు.

సాయంత్రం పంపు దగ్గర
చేతులకి కొబ్బరినూనె రుద్దుకుంటోంది నాగూర్‌బీ.
నూనె రాసినా మంట పోదు,
కాస్త నెమ్మదిస్తుంది అంతే.
ఆమె పేరు ఎదురుగా సగం గీతే పెట్టాను.
అలాగే పెట్టమన్నారు.

"వచ్చే నెల ఒకటో తారీఖున ఎన్నింటికొస్తావు?"

బొటనవేలు వెలుతురుకి ఎత్తి
తాలుకాయని చూసినట్టు చూసుకుంది.
"నన్నడుగుతావేంది బాబూ,
దీన్నడుగు."