చిన్న హారన్

నుస్రత్‌కు కారు నేర్పింది నేనే,
మిర్యాలగూడ బైపాస్ మీద,
సగం రోడ్డుల వడ్లు ఎండుతుంటే
మిగిలిన సగంల.

డాక్టరు చదువుకు బార్బడోస్ పోతున్నది.
పటంల సూపిస్తే ఆవగింజంత దీవి.
"అక్కడ గూడ ఎడమ పక్కనే సార్" అన్నది.
"అయితే సగం వచ్చినట్టే" అన్న.
మన లైసెన్సు ఒక్కటే సాలదు,
వాళ్ల పర్మిటు తీస్కో, బెల్టు పెట్టుకో,
తెల్వని మలుపుకాడ రోషానికి పోకు.
సముద్రం నేను సూడలే.
సాగర్ ఎడమ కాలువ నిండుగ పారే దినాలు
తల్సుకొని చెప్పిన:
నీళ్లను సూస్తే బండి నీళ్లకే పోతది,
కండ్లు తొవ్వ మీదుంచు.

మొన్న రాత్రి వాయిస్ పంపింది.
"సార్, ఇక్కడ హారన్ కొడితే
జరుగమని కాదు, షుక్రియా అని.
తొవ్వ ఇస్తే చిన్నగ ఒక్కసారి కొడ్తరు."

ఇరవై రెండేండ్ల సంది
హారన్‌తోని తిట్టుడే నేర్పిన నేను.

పొద్దున వేములపల్లి కాడ
గడ్డి ట్రాక్టరు పక్కకు జరిగింది.
చిన్నగ, ఒక్కసారి కొట్టిన.
ఆయన ఎనక్కి తిరిగి
"ఇంకెంత జరగాలె?" అన్నడు.